పథిరక్షణము: కొండబాట సేవా ధర్మము

శ్రీ గురుభ్యో నమః.

 

కొండదారులను బాగుచేయు పనికి పూనుకొన్న యువకులకు తమ ఇంటియందే ఎదురగు ప్రశ్న యొకటి కలదు. "అన్నదానము చేసిన పుణ్యము. గుడి కట్టించిన పుణ్యము. సత్రము కట్టించినను పుణ్యమే. ఆదివారము పూట పలుగుపారలు భుజమున వేసుకొని పోయి, రాళ్లు దొరలించి, కంప కొట్టి వచ్చిన నీకేమి వచ్చును? అది కూలివాని పని గదా!" అని పెద్దలందురు. పర్వత పాదచారుల సంఘములలో చేరి ఈ సేవ చేయు పిల్లలు దీనికి సమాధానము చెప్పలేక ఊరకుందురు. నేటి మా ఉపన్యాసము వారి పక్షమున చెప్పు సమాధానము. ఈ పని ధర్మమా, కాలక్షేపమా? ధర్మమైనచో దానిని చేయు విధానమేమి? దానియందు దొరలు దోషములెవ్వి? ఈ మూడింటిని క్రమముగ విచారింతము.

దారి చేయువాడు, దారి కాచువాడు

మొదట వేదమును అడుగుదము. అగ్నిదేవునకు శ్రుతిలో ననేక విశేషణములు కలవు. వానిలో నొకటి పథికృత్తు. అనగా దారి చేయువాడు. దర్శపూర్ణమాసములు చేయు యజమానుడు అమావాస్యనో పూర్ణిమనో ఇష్టి చేయక దాటబెట్టినచో, అతడు దారి తప్పినవాడగునని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. అట్టివాడు పథికృత్తైన అగ్నికి ఎనిమిది కపాలములపై పురోడాశమును సమర్పింపవలెను. అప్పుడు అగ్ని వానిని త్రోవ కాని త్రోవ నుండి మరల త్రోవకు చేర్చును. ఈ ఇష్టికి దక్షిణ యేమో వినుడు. బంగారము కాదు, వస్త్రము కాదు. బండి లాగు ఎద్దు. అది బరువు నీడ్చునది గనుక అదియే తగినదని శ్రుతియే కారణము చెప్పుచున్నది. దారికి సంబంధించిన కర్మకు మోత మోయు ప్రాణియే దక్షిణ అయినది. మోతపని యనిన నామోషీ పడువారు ఈ మాటను మనసున నుంచుకొనవలెను.

ఋగ్వేదమున పదవ మండలమునందలి యమసూక్తములో పూర్వఋషులకు నమస్కారము కలదు. అక్కడ వారిని పథికృత్తులనియే పేర్కొనుట జరిగినది. ఇక శ్రీరుద్రమున పరమేశ్వరుడు దారులకు పతి. సన్నని కాలిబాటయందున్నవాడును ఆయనయే, పెద్దదారియందున్నవాడును ఆయనయే. నమకము చివరి అనువాకమున రుద్రగణములను పథిరక్షులని కీర్తించినది శ్రుతి. అనగా దారులను కాపాడువారు.

ఇచట సూక్ష్మమొకటి గమనింపవలెను. దారి చేయుట వేరు, దారి కాచుట వేరు. వేదము రెంటికిని వేర్వేరు పేర్లు పెట్టినది. రెంటిని దేవతాధర్మములుగనే చెప్పినది. లోకమున మొదటిదానికి కీర్తి కలదు. రెండవదానికి కీర్తి లేదు. కీర్తి లేని పని ధర్మము కాదేమో యని మనకు భ్రాంతి కలుగుచున్నది. ఈ భ్రాంతి తొలగిననే గాని నేటి విషయము తేటపడదు.

మా వృత్తినుండియే దృష్టాంతము చెప్పుదుము. పాఠశాలలో వేదమును గురుముఖమున నేర్చుటను సంత చెప్పుకొనుట యందుము. నేర్చినదానిని దినదినము మరల మరల పలుకుటను వల్లె వేయుట యందుము. సంత చెప్పుకొనుటకు కొన్నియేండ్లు చాలును. వల్లె వేయుట జీవితాంతము నుండును. డెబ్బదియేండ్లు దాటిన మేము నేటికిని వల్లె వేయుచున్నాము. ఆరు నెలలు మానిన పనసకు పనస తడబడును, స్వరము జారును, ఒక అనువాకము మరియొక అనువాకములోనికి పోవును. అది గడ్డి మొలచిన కాలిబాట వంటిది. ఈ మంత్రమార్గమును చేసినవారు ఋషులు, వారు పథికృత్తులు. వేలయేండ్లుగా నోటితో త్రొక్కి దానిని చెడకుండ నిలిపినవారు పేరులేని అధ్యాపకులు, విద్యార్థులు, వారు పథిరక్షులు. వీరు లేకున్న వారు చేసిన దారి నేడు మనకు కనబడునా? కొండబాటకును ఇదియే న్యాయము.

దారులు చేసిన పూర్వులు

శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండమందు భరతుడు శ్రీరాముని తోడ్కొని వచ్చుటకు బయలుదేరు ఘట్టము మీరందరు ఎరిగినదే. ఆయన కంటె ముందుగ కదలినవారెవరో జ్ఞాపకమున్నదా? భూమి లక్షణము తెలిసినవారు, సూత్రము పట్టి కొలుచువారు, త్రవ్వువారు, వడ్రంగులు, చెట్లు కొట్టువారు. వారు అడ్డమున్న చెట్లను కొట్టిరి. చెట్లు లేనిచోట నాటిరి. మిట్టలను చదును చేసిరి, గుంటలను పూడ్చిరి. నీరు లేనిచోట బావులు త్రవ్విరి. వాల్మీకి మహర్షి వీరిలో నొక్కని పేరైనను చెప్పలేదు. అయినను వారి పనికి ఒక సర్గమునంతయు ఇచ్చెను. ధర్మాత్ముడైన భరతుని పాదము మోపుటకు ముందు ఆ నేలపై కూలివారి చెమట పడినదని మహర్షి మనకు చూపెను.

మన దేశమునకు వత్తము. కొండవీటి రెడ్డిరాజులలో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. ఎఱ్ఱాప్రగడ హరివంశమును అంకితము పొందిన ప్రభువు ఆయనయే. నేడును ఆత్మకూరు ప్రాంతమునందలి వెంకటాపురమునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగ కైలాసద్వారము చేరు అడవిదారిలో మహాశివరాత్రికి, ఉగాదికి భక్తులు బారులుగ నడచుచున్నారు. ఉగాదికి కన్నడ దేశమునుండి, మహారాష్ట్రమునుండి కాలినడకన వచ్చువారి సంఖ్య చెప్పనలవి కాదు. భీమునికొలను లోయలో దిగి, మరల నిట్టనిలువుగ మెట్లెక్కి కైలాసద్వారము చేరినవానికి తెలియును, కొండపై ఒక్క రాయి సరిగా కుదిరియుండుట యెంతటి ఉపకారమో.

ఆ ప్రభువు పేరు శాసనములకెక్కినది, కావ్యములకెక్కినది. యుక్తమే. కాని ఒక మాట ఆలోచింపుడు. రాజు మెట్లు కట్టించి ఆరువందల యేండ్లు దాటినది. ప్రతి సంవత్సరము వానలు కురిసినవి. ఆకులు రాలినవి. రాతిసందులలో రావివిత్తులు మొలకెత్తినవి. ఆ మొలకను పెరుకక విడిచినచో పదియేండ్లలో వేరు బలిసి బండను పైకెత్తును. ఎత్తిన బండ క్రిందికి నీరు చొచ్చును. మరికొన్ని యేండ్లకు మెట్టు దొరలును. కావున మిగిలియున్న ప్రతి మెట్టు వెనుక, ఏనాడో ఒక మొలకను పెరికిన చేయి, ఒక కదలిన రాతిని మరల కుదిర్చిన చేయి ఉండియుండవలెను. ఆ చేతులకు శాసనము లేదు. వారి వలననే రాజు శాసనము సార్థకమైనది.

కాలిబాట యెట్లు చెడును

పుణ్యము మాట అటుంచి, పని స్వరూపమును తెలిసికొందము. తెలియక చేసిన సేవ అపకారమగును.

కాలిబాటకు మొదటి శత్రువు మనుష్యుని కాలు కాదు, నీరు. జనుల పాదముల వత్తిడికి బాట నడుమ కొంచెము క్రుంగును. క్రుంగినచోట వాననీరు చేరును. కొండవాలుగనుక ఆ నీరు బాటవెంటనే పరుగిడును. పరుగిడు నీరు మన్నును కోసికొని పోవును. రాళ్లు, వేళ్లు బయటపడును. అంతట నడచువారు ఆ గతుకులను తప్పించుకొనుటకు ప్రక్కన అడుగులు వేయుదురు. ప్రక్కనున్న గడ్డి చచ్చును. గడ్డి చచ్చిన నేల మరుసటి వానకు కోసుకొనిపోవును. ఇట్లు రెండడుగుల బాట పదియడుగుల వాగగును.

దీనికి మందు పెద్ద కట్టడము కాదు. బాటను పల్లపువైపు కొంచెము వాలునట్లు చెక్కినచో నీరు నిలువక ఆవలికి జారును. ఏటవాలు బాటలో అక్కడక్కడ రాళ్లను వరుసగ, బాటకు అడ్డముగ, కొంచెము ఏటవాలుగ పాతినచో నీరు వాని కొట్టుకొని ప్రక్కకు మరలును. ఆ రాతివరుస వెనుక మన్ను, ఆకులు పేరుకొనును. పేరుకొన్నదానిని త్రవ్వి తీయకున్నచో నీరు రాతిమీదుగనే దాటి మరల బాటపట్టును. అప్పుడా రాళ్లు ఉన్నను లేనట్లే. కనుక అసలు సేవ రాళ్లు పాతుటలో లేదు. ప్రతి యేడు వానకు ముందు పోయి, దోసెడు మన్ను, పిడికెడు ఆకులు తీయుటలో నున్నది. ఈ దోసెడు మన్నునకు ఎవరును ఫోటో తీయరు.

కొండలలో బాట మెలికలు తిరిగియుండుట వాలు తగ్గించుటకే. తొందర గలవారు ఆ మెలికలను విడిచి నిలువున అడ్డదారి త్రొక్కుదురు. ఆ అడ్డదారియే మరుసటి వానకు కాలువయగును. క్రిందనున్న మంచి బాటను కూడ కూల్చును. ఎండుకొమ్మలు, రాళ్లు అడ్డము పేర్చి ఆ తప్పుదారిని మూసివేయుట మంచి పథిరక్షణము. దారి తప్పినవానిని దారికి చేర్చుటయే గదా పథికృదగ్ని చేయు పని!

కాలనిర్ణయము కూడ తెలియవలెను. నల్లమలకు నైరుతి వానలు ముఖ్యము. అచటి బాటలకు జ్యేష్ఠమాసము లోపలనే పని ముగియవలెను. శేషాచలమునకు ఆశ్వయుజ కార్తికములలో వచ్చు ఈశాన్యపు వానలు బలమైనవి. అచట భాద్రపదమున పని చేయవలెను. 2021 నవంబరులో, కార్తిక పూర్ణిమ దినములలోనే, తిరుమల కొండలపై కుంభవృష్టి కురిసినది. 2388 మెట్లుగల శ్రీవారిమెట్టు దారి రాళ్లతో, బురదతో నిండి, పలుచోట్ల దెబ్బతిని, మూతపడినది. బాగుచేసి భక్తులకు మరల తెరచునప్పటికి 2022 మే నెల వచ్చినది. అంతటి వానను దోసెడు మన్ను తీసిన కాలువ ఆపునని మేము చెప్పము. కాని రాతితో కట్టిన దారియే ఒక్క రాత్రిలో అట్లగుననిన, మట్టిబాట మాట చెప్పవలెనా?

దేశాంతరమున నొక దృష్టాంతము

ఈ సేవను నూరేండ్లుగ సంఘబద్ధముగ చేయుచున్నవారు దేశాంతరమున కలరు. మంచి యెచ్చటనున్నను గ్రహింపవలెనను పెద్దల మాట ననుసరించి వారి చరిత్ర కొంత చెప్పుదుము. అమెరికా దేశపు తూర్పుభాగమున అపలాచియన్ పర్వతములు కలవు. వానిపై దక్షిణమున జార్జియా మొదలు ఉత్తరమున మెయిన్ వరకు 14 రాష్ట్రముల మీదుగ సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట యున్నది. అచట నివసించు మన తెలుగు పిల్లలు కొందరు సెలవు దినములందు దానిపై నడచుచుందురు.

1921లో బెంటన్ మెకై అను నతడు ఒక వ్యాసమున ఈ బాటను ఊహించి చెప్పెను. తరువాత మైరన్ ఏవరీ అను న్యాయవాది సంఘములను కూర్చి, కొలతచక్రమును చేత త్రోసికొనుచు కొండలెక్కి, బాటను కార్యరూపమునకు తెచ్చెను. ఒకడు ద్రష్ట, మరియొకడు కర్త. 1937లో బాట పూర్తియైనదని ప్రకటించిరి. ఆనందింపదగిన మాటయే. కాని మరుసటి యేడే, అనగా 1938లో, ఉత్తరభాగమున పెనుతుపాను వచ్చి చెట్లను కూల్చి బాటను మూసివేసినది. కొన్నిచోట్ల కొత్త రహదారులు పడి బాటను ప్రక్కకు జరుపవలసి వచ్చినది. అంతలో మహాయుద్ధము వచ్చినది. పనిచేయు చేతులు కరవైనవి. బాట మరల ఎడతెగక సాగునట్లగుటకు 1951 వరకు పట్టినది. పూర్తియైనదన్న బాట ఒక్క సంవత్సరము నిలువలేదు! కొండబాటకు పూర్తియగుట యనునది లేదని వారప్పుడే తెలిసికొనిరి.

నేడు ఆ బాటను సుమారు 30 పాదచారుల సంఘములు పంచుకొని కాపాడుచున్నవి. ప్రతి సంఘమునకు కొంత భాగము. ఆ భాగములో ఒక్కొక్క సభ్యునకో, దంపతులకో కొద్ది మైళ్ల బాట దత్తము. వారు ఏటికి కొన్నిమారులు పోయి, కూలిన చెట్లను తొలగింతురు, గడ్డి కోయుదురు, నీటికాలువలు తీయుదురు. దారి చూపుటకు చెట్లపై నుంచిన తెల్లని గుర్తులను, రెండంగుళముల వెడల్పు, ఆరంగుళముల నిడివి గలవానిని, మాసినప్పుడు మరల వేయుదురు. పెద్ద రంపము పట్టదలచినవాడు ముందు శిక్షణ పొంది యోగ్యతాపత్రము తీసికొనవలెను. ప్రత్యేకముగ రక్షింపబడిన వనములలో యంత్రపు రంపము నిషిద్ధము. ఇరువురు చెరియొక కొసన పట్టి లాగు చేతిరంపముతోనే కోయవలెను. ఈ సేవకులకు జీతము లేదు. వారిలో ఉద్యోగవిరమణ చేసిన వృద్ధులు, వృద్ధస్త్రీలు కూడ కలరు.

2024 సెప్టెంబరులో హెలీన్ అను తుపాను వచ్చి ఆ బాట దక్షిణభాగమున లెక్కకు మిక్కిలి చెట్లను కూల్చినది. టెనెసీ రాష్ట్రమున నోలిచకీ నదిపై వంతెనయు కొట్టుకొనిపోయినది. సేవకులు రంపములు పట్టి దారి తెరచిరి. 2025లో నడకరులను పడవపై ఆ నదిని దాటించిరి. 1938లో తాతలు చేసిన పనినే 2024లో మనుమలు చేసిరి. ఇది చూడగా మాకు మా వల్లె జ్ఞాపకము వచ్చినది. దేశము వేరు, భాష వేరు, ధర్మమొక్కటియే.

సేవకుడు పాటింపదగిన నియమములు

ఇక మన కొండలలో ఈ పని చేయువారికి కొన్ని నియమములు చెప్పుదుము.

మొదటిది అనుమతి. నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల అభయారణ్యము కలదు. శేషాచలమున శ్రీవేంకటేశ్వర జాతీయవనము కలదు. సేవాబుద్ధి యున్నదని చెప్పి అటవీశాఖవారి, దేవస్థానమువారి అనుమతి లేక కత్తి పట్టి లోనికి పోరాదు. పచ్చనిచెట్టు కొట్టరాదు. వేసవిలో పోగుచేసిన ఆకులకు నిప్పు పెట్టరాదు. 2018 మార్చిలో తమిళదేశమున కురంగణి కొండలలో కార్చిచ్చు చెలరేగి, కొండనడకకు పోయిన యువతీయువకులు పలువురు ప్రాణములు కోల్పోయిరి. అడవిలో నిప్పు ఎంతటిదో ఆ దుఃఖమే మనకు పాఠము.

రెండవది వినయము. నల్లమలలో చెంచులు తరతరములుగ నున్నారు. మల్లికార్జునుని చెంచుమల్లయ్య యని పిలుచుకొన్నవారు వారు. అహోబల నృసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడెనని కథ చెప్పుకొనునది వారి కులమును గూర్చియే. ఏ వాగు ఎప్పుడు పొంగునో, ఏ జంతువు ఏ వేళ ఏ నీటికి వచ్చునో వారికి తెలిసినట్లు మనకు తెలియదు. వారిని మూటలు మోయువారిగ కాక గురువులుగ భావించి, అడిగి, తెలిసికొని పని చేయవలెను.

మూడవది మితము. కాలిబాట కాలిబాటగనే యుండవలెను. సులభమగునని వెడల్పు చేయుట, సిమెంటు పోయుట, కనబడిన పొదనెల్ల నరకుట సేవ కాదు. బాట రెండడుగులు; తక్కిన కొండ యంతయు మృగపక్షులది, వృక్షములది.

నాలుగవది శుచి. బాటపైనను, పర్వతశిఖరముపైనను, నదీతీరముననను మలమూత్రములు విడువరాదని మనుస్మృతి నిషేధించినది. రాజమార్గమును అశుచి చేసినవానికి రెండు కార్షాపణముల దండనము విధించి, వానిచేతనే వెంటనే శుభ్రము చేయింపుమనియు చెప్పినది. వృద్ధులు, గర్భిణులు, బాలురు, ఆపదలోనున్నవారు అట్లు చేసినచో దండనము లేదు. మందలించి శుభ్రము చేయించిన చాలును. దయ యున్నది గాని, శుభ్రము చేయుటకు మాత్రము మినహాయింపు లేదు!

ఇచట మా మనసులోని మాట నిర్భయముగ చెప్పవలసియున్నది. ఉత్సవదినములలో కొండదారి పొడవున చలివేంద్రములు, అన్నదానములు వెలయుచున్నవి. చేయువారు పుణ్యాత్ములే. కాని ఉత్సవము ముగిసిన మరునాడు ఆ దారిని చూచినవారున్నారా? నీటిపొట్లములు, ప్లాస్టిక్ గ్లాసులు, ఎంగిలి విస్తళ్లు వాగులలో, పొదలలో నిండియుండును. జింక ఆ సంచిని మ్రింగును. ఎంగిలికి కుక్కలు, పందులు చేరును; వానికొరకు చిరుతపులి దారిప్రక్కకు వచ్చును. నీటికాలువకు సంచి అడ్డుపడి బాట కోసుకొనిపోవును. దాహము తీర్చిన పుణ్యమును ఆ నీటిపొట్లమే హరించునేమో ఆలోచింపుడు. అన్నము పెట్టుట తోడనే ధర్మము ముగియదు. విస్తరి ఎత్తుట కూడ అన్నదానమునందే చేరినది. మన ఇంట అతిథికి భోజనము పెట్టి ఎంగిలిని ఆతని ముందే విడిచి పోదుమా? కొండయు పరమేశ్వరుని ఇల్లే గదా! కావున అన్నదాన సంఘములవారికి మా విన్నపము: ఎంత ధనము వంటకు కేటాయింతురో, అందులో కొంత భాగము శుభ్రతకు కేటాయింపుడు. మీ వెనుక చీపురు పట్టి వచ్చు పిల్లలకు మీరు ఋణపడియున్నారు.

ఐదవది నిర్మమత్వము. కొందరు తాము చేసిన పనికి గుర్తుగ బండలపై ఎర్రరంగుతో తమ పేర్లు, సంఘము పేర్లు వ్రాయుచున్నారు. బండ కోట్ల సంవత్సరముల నాటిది. మన పేరు నూరేండ్లది కాదు. దారి చూపు గుర్తు వేరు, తనను చూపు గుర్తు వేరు. మొదటిది సేవ, రెండవది మలినము.

పెద్దలకు సమాధానము

ఇపుడు మొదటి ప్రశ్నకు మరల వత్తము. ఈ పని ధర్మమేనా? మన శాస్త్రములు ధర్మకార్యములను ఇష్టమనియు పూర్తమనియు విభజించినవి. యజ్ఞాదులు ఇష్టము. బావులు, చెరువులు, దేవాలయములు, తోటలు, అన్నదానము పూర్తము. పూర్తమునకు ప్రాణమేమి? మనము ఎరుగనివాడు, మనలను ఎరుగనివాడు, మనము చేసినదానివలన సుఖపడుట. బావి త్రవ్వినవాడు దానిలో నీరు త్రాగబోవు బాటసారి ముఖమును ఎన్నడును చూడడు. కొండబాటను కాచువానిది సరిగా ఇదియే స్థితి. రేపు ఒక వృద్ధురాలు, శివనామము పలుకుచు, మోకాళ్లపై చేయి మోపి ఆ మెట్టు ఎక్కును. ఆమె పాదము జారదు. జారలేదని ఆమెకు తెలియదు. జారి పడియుండవలసినదని అసలే తెలియదు. జరుగని కీడుకు కృతజ్ఞత చెప్పువారుండరు. ఇంతటి నిష్కామకర్మ లోకమున అరుదు. క్రొత్తది కట్టుటకంటె జీర్ణమైనదానిని నిలుపుట అధికఫలమని పెద్దలు చెప్పుటకు హేతువు ఇదియే.

కనుక తల్లిదండ్రులారా! మీ పిల్లలు పలుగుపారలతో ఇంటికి వచ్చినప్పుడు, చేతులపై బొబ్బలు చూచి పరిహసింపకుడు. నీరిచ్చి కూర్చుండబెట్టుడు. మీరు ఇరువది రూపాయలు హుండీలో వేసి పొందదలచినదానిని వారు వెన్నువంచి సంపాదించి వచ్చినారు. కూలివాని పని యని అనకుడు. కూలివాడును పథిరక్షియే, ఆతడు కూలి తీసికొని చేసినంత మాత్రమున ఆ పని తక్కువది కాదు. భరతుని ముందు నడచినవారు కూలివారే.

యువకులారా! మీకును ఒక మాట. ఒకనాడు నూరుమంది కలసి పోయి, కేకలు వేసి, చెత్త యెత్తి, మరల మూడేండ్లు ఆ వంక చూడకుండుట సేవ యనిపించుకొనదు. అది ఉత్సవము. పదిమంది చాలును. ఒక్క కోసెడు దారిని ఎన్నుకొనుడు. అనుమతి పొందుడు. ఒక పుష్కరకాలము, అనగా పన్నెండేండ్లు, ఏటికి రెండుమారులు ఆ దారికి పోవుదుమని సంకల్పము చేయుడు. ఏ మలుపున నీరు నిలుచునో, ఏ రాయి కదలునో, ఏ చెట్టు ఒరుగుచున్నదో మీకు మీ ఇంటి గడపవలె తెలియవలెను. మీలో నొకడు ఊరు విడిచినచో, పోవుటకు ముందు మరియొకనిని తోడ్కొని పోయి ఆ దారిని అప్పగింపవలెను. గురువు శిష్యునకు వేదమును అప్పగించుట ఇట్లే. పరంపర యనగా ఇదియే గాని వేరొకటి కాదు.

చేసిన దారి దేవునిదైనను, రాజుదైనను, దానిని రేపటివానికి అందించు భారము నేటివానిది. జ్యేష్ఠము దగ్గర పడుచున్నది. నల్లమలపై మేఘములు చేరకముందే కాలువలు తీయవలసియున్నది. దారులకు పతియైన పరమేశ్వరుడు ఆ దారిన పోవువారిని, ఆ దారిని కాచువారిని సమానముగ రక్షించుగాక.

స్వస్తి. శ్రీ పరమేశ్వరార్పణమస్తు.